పక్షము లేనివాని ధర్మము

సంస్కృతమున ‘పక్ష’ శబ్దమునకు పెక్కు అర్థములు కలవు. రెక్క పక్షము. మాసార్ధము పక్షము. వాదమున ఒకరు చేపట్టిన వైపు పక్షము. రెక్కలు రెండైనను పక్షి ఒక్కటియే. శుక్లపక్షమున పెరుగువాడును, కృష్ణపక్షమున తరుగువాడును ఒక్క చంద్రుడే. పూర్వులు ఈ మాటను వాడినప్పుడు రెండు పక్షములకును ఆధారమైన ఆ ఒక్క వస్తువు వారి మనస్సున మెదలుచుండెడిది. నేడు ఊరూర వినబడుచున్న ‘పార్టీ’ యను మాటలో ఆ వస్తువు మరుగుపడినది. రెక్కలను గూర్చిన కలహమే కాని పక్షిని తలచువారు అరుదు.

పలాసనుండి సముద్రమువైపు పోవు త్రోవలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నడుమ ఉద్దానపు గ్రామములు కలవు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. అట్టి గ్రామమున ఒక గృహస్థుని ఊహింతము. వయస్సు ఏబది దాటినది. కొద్దిపాటి జీడితోట కలదు. తండ్రి జీవితమెల్ల ఒకే పార్టీకి ఓటు వేసెను. ఇతడును చాలకాలము అట్లే చేసెను. ఒకనాడు తనవారు చేసిన అన్యాయమును అన్యాయమని నలుగురిలో అనెను. నాటినుండి తనవారికి పరాయివాడయ్యెను. అవతలివారు రమ్మనిరి. కాని తమ తప్పులన్నింటిని ఒప్పులని అంగీకరించిననే లోనికి చోటు. అదియు ఇతనికి చేతగాలేదు. ఇప్పుడు దాయాదుల ఇంట పెండ్లికి పిలుపు రాదు. అమ్మవారి సంబరమునకు చందా ఎవరి చేతికిచ్చినను రెండవవారికి కోపము. “నువ్వెటేపు బావా?” అని సంతలో ఎవరో అడుగుదురు. “ఎటేపూ కాదు” అనిన, “అయితే ఆళ్ళేపే!” అని నవ్వుదురు.

ఇట్టివాడు ఒక్క గ్రామమున ఒక్కడు మాత్రమే కాడు. స్వగ్రామమున, స్వగృహమున ఉండియు నిలువ నీడ లేనివానివలె తోచు వేదన చిన్నది కాదు. అతడు చేయవలసినదేమి? ఏదో ఒక పక్షమున చేరి నోరు మూసికొనవలెనా? అందరిని విడిచి తలుపు వేసికొనవలెనా? వేరొక త్రోవ కలదా? ఇది ఎన్నికల ప్రశ్న మాత్రమే కాదు. ధర్మప్రశ్న.

ఈ తీరమునకు ఇట్టి వేదన క్రొత్త కాదు. 1940 మార్చిలో పలాసయందు అఖిలభారత కిసాన్ సభ జరిగెను. కొద్ది దినములలోనే, ఏప్రిల్ మాసారంభమున, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులలో వీరగున్నమ్మ ప్రాణమర్పించెను. నాడు రైతు పేర ఒక్కటిగ నిలిచినవారు తరువాతి కాలమున వేర్వేరు పార్టీలుగ విడిపోయి ఒకరినొకరు ఎదిరించిరి. 1967 తరువాత మన్యమున తలయెత్తిన సాయుధోద్యమము ఉద్దానమునకు వ్యాపించిన దినములలో సామాన్యుని స్థితి మరియు కఠినమయ్యెను. రాత్రి వచ్చినవారికి అన్నము పెట్టినవాడు పగలు వచ్చినవారికి జవాబు చెప్పవలసి వచ్చెను. నాకు పక్షము లేదను మాటను నమ్మువారు ఆనాడు ఏ వైపునను లేకపోయిరి.

బారువలో 1909లో జన్మించిన గౌతు లచ్చన్నగారి జీవితము కూడ ఈ సందర్భమున స్మరింపదగినది. కాంగ్రెసున ఉండి స్వాతంత్ర్యమునకై చెరసాలకు పోయిరి. పిమ్మట ఎన్.జి. రంగాగారితో కలిసి కృషికార్ లోక్ పార్టీలో నిలిచిరి. మద్యనిషేధమువలన జీవనము కోల్పోయిన కల్లుగీతవారి పక్షమున ప్రకాశం పంతులుగారి ప్రభుత్వమును ఎదిరించినవారిలో వారు ముఖ్యులు. ఆ వివాదముననే 1954 నవంబరులో ఆ ప్రభుత్వము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీలోను, తరువాత జనతా పార్టీలోను పనిచేసిరి. వారు 2006లో కన్నుమూసిరి. కృషికార్ లోక్ పార్టీయు, స్వతంత్ర పార్టీయు అంతకు చాల ముందే, వారి కన్నుల యెదుటనే, కాలగర్భమున కలిసినవి. పార్టీలు మనుష్యులు కట్టుకొన్న ఇండ్లు. కొన్ని కూలును, కొన్ని చేతులు మారును. ఇల్లు మారుట దోషమా యను ప్రశ్నకు ఒకే ఉత్తరము లేదు. మారినవాడు వెంట ఏమి తీసికొనిపోయెనని చూడవలెను. రైతును, గీతవానిని వెంటబెట్టుకొని పోయినవాడు వేరు. పదవిని మాత్రమే వెంటబెట్టుకొని పోయినవాడు వేరు.

ఏ ఇంటను ఇమడనివాని సంగతి ఏమి? పలాసకు ఉత్తరమున, మందస దాటిన పిదప, ఒడిశా సరిహద్దులో 1,501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి కలదు. కుంతి పేరను, ధర్మరాజు పేరను, భీముని పేరను ఆ కొండపై ప్రాచీనాలయములు నిలిచియున్నవి. తీర్థయాత్రకు బయలుదేరిన బలరాముడు ఈ మహేంద్రగిరికి వచ్చి పరశురాముని దర్శించి నమస్కరించెనని భాగవత దశమస్కంధము చెప్పుచున్నది. రెండు పక్షముల నడుమ ఇమడలేక ఇల్లు విడిచిన మహాపురుషుడు పాదము మోపిన నేల ఇది. కావున ఈ నేలపై పుట్టిన ప్రశ్నకు ఆయన చరిత్రయందే సమాధానము వెదకుట సముచితము.

భీముడును దుర్యోధనుడును బలరామునికి శిష్యులు. గదావిద్య ఇరువురకును ఆయనయే నేర్పెను. ఇరువైపులవారును బంధువులే. కనుక రెండు వైపులకును సమముగ సహాయము చేయుమని శ్రీకృష్ణునికి పలుమార్లు చెప్పెను. కృష్ణుడు అర్జునుని విడువడయ్యెను. తమ్మునికి ఎదురుగ నిలువలేడు. శిష్యుని చంపు సేనలో నిలువలేడు. కౌరవుల వినాశమును చూచుచు కూర్చుండలేడు. కాబట్టి పాండవ శిబిరమునకు వచ్చి, తన మనస్సును దాచక చెప్పి, తీర్థములకు బయలుదేరెను. చాటుగ పోలేదు, కారణము చెప్పి పోయెను. అది గమనింపదగినది.

ఆ మహాయుద్ధమునుండి తొలగినవారు ఇరువురేయని భారతము చెప్పును. ఒకరు బలరాముడు; రెండవవాడు రుక్మిణీదేవి అన్న యగు రుక్మి. ఇతడు సేనతో పాండవుల యొద్దకు వచ్చి, నీకు భయమైనచో నేను సహాయపడుదునని అర్జునునితో అనెను. అర్జునుడు నవ్వి వలదనెను. రుక్మి దుర్యోధనుని యొద్దకు పోయి అట్లే పలికెను. అతడును వలదనెను. రుక్మి ఇంటికి మరలెను. ఇరువురును యుద్ధమునకు వెలుపల ఉన్నవారే. దూరమునుండి చూచువానికి భేదము కనబడదు. కాని ఒకని వెలుపల నిలిపినది ప్రేమ, మరియొకని వెలుపల నిలిపినది గర్వము. పక్షము లేదని చెప్పుకొనువాడు తన్ను తాను మొదట పరీక్షించుకొనవలసినది ఇచటనే. అందరికంటె తానే తెలిసినవాడనని రెండు పార్టీలను ఈసడించువాడు రుక్మికి దగ్గరివాడు. ఏ వైపు ఎవడు పడినను తనవాడే పడెనని కలగినవాడు బలరామునికి దగ్గరివాడు.

కథ ఇంతటితో ముగిసినచో ఇల్లు విడిచి పోవుటయే ఉత్తమమని తేలిపోవును. భాగవతము అట్లు ముగింపలేదు. యాత్రలో బలరాముడు నైమిశారణ్యమునకు వచ్చెను. మునులందరును లేచి గౌరవించిరి. ఉన్నతాసనముపై కూర్చుండి పురాణము చెప్పుచున్న రోమహర్షణుడు లేవలేదు. బలరాముడు కోపించి చేతనున్న దర్భకొనతో కొట్టెను. ఆ సూతుడు మరణించెను. ఆ ఆసనమును తామే ఇచ్చితిమని మునులు విలపించిరి. యుద్ధమున ఒక్క బాణమైనను వేయగూడదని వచ్చినవాడు, యుద్ధము లేనిచోట, ఆయుధము లేనివానిని చంపెను. పిమ్మట ఆయన తప్పును ఒప్పుకొనెను. మునుల యజ్ఞమును చెరచుచున్న బల్వలుని వధించి వారి బాధను తొలగించెను. వారి ఆదేశానుసారము పండ్రెండు మాసములు భరతవర్షమును చుట్టి తీర్థస్నానములు చేసెను. అనగా మహేంద్రగిరికి వచ్చిన బలరాముడు ఇతరుల కలహమునుండి తొలగి వచ్చినవాడు మాత్రమే కాడు; తన కోపమునకు ప్రాయశ్చిత్తము చేసికొనుచు వచ్చినవాడు.

పక్షములేనివారికి ఇంతకంటె ముఖ్యమైన పాఠము లేదు. ద్వేషము పార్టీ కార్యాలయమున మాత్రమే కాపురముండదు. రెండు వైపులను విడిచి ఇంట కూర్చుండినవాని హృదయమునను అది పెరుగును. ఇద్దరును దొంగలే, ఊరంతయు చెడినది, మనుష్యులే లేరని దినదినము తలపోయువాడు క్రమముగ మూడవ పక్షమగును. ఆ పక్షమున సభ్యుడు తానొక్కడే, శత్రువులు అందరును. ఇది వైరాగ్యమువలె కనబడును కాని వైరాగ్యము కాదు.

శల్యపర్వమున కూడ ఇట్టిదే కలదు. యుద్ధము చివర బలరాముడు తిరిగివచ్చి శిష్యుల గదాయుద్ధమును చూచెను. భీముడు నాభికి క్రిందుగ తొడలపై కొట్టుట చూచి, సహింపలేక, నాగలి యెత్తి మీదికి పోయెను. కృష్ణుడు పట్టి ఆపవలసివచ్చెను. ఆయన కోపమునకు కారణము లేకపోలేదు. జరిగినది గదాధర్మమునకు విరుద్ధమే. కాని ద్రౌపదిని సభకు ఈడ్చిన నాటి అధర్మము జరిగినప్పుడు ఎత్తని నాగలి అది. దూరమునుండి వచ్చినవానికి చివరి దెబ్బ కనబడును. మొదటి దెబ్బ కనబడదు. ఇరువైపులకును సమదూరమున నిలిచినంత మాత్రమున సమదృష్టి కలుగదు.

ఇక శ్రీకాకుళ స్థలపురాణము ఆ నాగలిని గూర్చియే మరియొక కథ చెప్పును. యుద్ధమునకు విముఖుడై దక్షిణమునకు వచ్చిన బలరాముడు ఇచటి జనులు నీరులేక అలమటించుట చూచి నాగలితో భూమిని చీల్చెననియు, ఆ చాలున ప్రవహించినదే నాగావళి యనియు, దాని తీరమున కోటేశ్వరుని ప్రతిష్ఠించెననియు ప్రసిద్ధి. లాంగలమనగా నాగలి, నాగావళికి లాంగల్య యను పేరు అందువలననే వచ్చినదందురు. కురుక్షేత్రమున శిష్యునిపైకి లేచిన నాగలియే ఇచట నీటికి దారి తీసినది. కోపమును అణచుకొనుట ఒక్కటే చాలదనియు, దానికి పని చూపవలెననియు ఆ కథయొక్క తాత్పర్యము. నీరు పారిన పిదప ఏ గట్టు ఎవరిదని నది అడుగదు.

ఈ విచారణకు శాస్త్రమున రెండు పదములు కలవు. గీత ఆరవ అధ్యాయమున భగవానుడు సమబుద్ధి చూపదగినవారిని లెక్కించుచు ఉదాసీనుని, మధ్యస్థుని వేర్వేరుగ పేర్కొనెను. శంకరభగవత్పాదులు భాష్యమున ఈ భేదమును స్పష్టపరచిరి. ఎవరి పక్షమును చేపట్టనివాడు ఉదాసీనుడు. పరస్పర విరుద్ధులైన ఇరువురకును హితము కోరువాడు మధ్యస్థుడు. ఇద్దరును పక్షము లేనివారే. ఒకడు పైన కూర్చుండి చూచువాడు; ఒకడు నడుమ నిలిచి దెబ్బలు తినువాడు. భాగవతము బలరాముని మధ్యస్థుడనియే చెప్పినది. ఉద్దానపు గృహస్థుడు తన్ను ఏ పార్టీయు చేర్చుకొనలేదని విచారించుచున్నాడు గదా! తాను ఉదాసీనుడగుదునా, మధ్యస్థుడగుదునా యని అతడు నిశ్చయించుకొనినచో ఆ విచారము సగము తీరును. మొదటిదానికి తలుపు వేసికొనిన చాలును. రెండవదానికి చేయవలసిన పనులు కలవు.

మొదటి పని సాక్ష్యము. వాదిప్రతివాదులకు మిత్రుడుగాని, శత్రువుగాని, ఆ వ్యవహారమున లాభము కలవాడుగాని సాక్షిగ తగడని ధర్మశాస్త్రకారులు నియమించిరి. పార్టీలో చోటు లేనివానికి ధర్మసభలో చోటు ఇచటనే కలదు. ద్రౌపది సభలో ప్రశ్నించినప్పుడు పెద్దలు తడబడిరి. అప్పుడు విదురుడు ప్రహ్లాదుని కథ చెప్పెను. ప్రహ్లాదుని కుమారుడగు విరోచనుడును, సుధన్వుడను విప్రుడును తమలో ఎవడు శ్రేష్ఠుడని ప్రాణములు పందెమొడ్డి ఆయనను తీర్పు అడిగిరి. తెలిసియు చెప్పనివాడు పాపి యగునని కశ్యపునివలన విని, ప్రహ్లాదుడు సుధన్వుడే శ్రేష్ఠుడని తన కుమారునికి ప్రతికూలముగ చెప్పెను. ఆ సత్యమునకు సంతోషించి సుధన్వుడు విరోచనుని ప్రాణము విడిచిపెట్టెను. తనవానికి విరుద్ధముగ పలికిన సత్యమే తనవానిని కాపాడినది. నాటి సభలో దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు తప్ప రాజకుమారులలో ఎవడును నోరు విప్పలేదు. ఆ మౌనమునకు ఫలము కురుక్షేత్రము.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చినది. ఆ గాలి ఏ తోట ఏ పార్టీవానిదని అడుగలేదు. అట్టి ఆపదల పిమ్మట పరిహారపు జాబితా వ్రాయునప్పుడు మాత్రము ఎక్కడనైనను ఆ ప్రశ్న తలయెత్తుట కలదు. అప్పుడు పక్షము లేని గృహస్థుడు లేచి, ఈతని చెట్లు ఇన్ని పడినవి, నేను చూచితిని, ఈతడు నాతో మాటలాడడు, అయినను ఇది నిజమని చెప్పిన, ఆ మాటకు ఉండు బలము మరెవరి మాటకును ఉండదు. అందువలన అతనికి ఓట్లు రావు. ఒక కుటుంబమునకు అన్నము వచ్చును.

రెండవ పని విచారణ. న్యాయశాస్త్రమున పక్షమను మాటకు మరియొక అర్థము కలదు. కొండపై పొగను చూచి నిప్పు కలదా యని విచారించునప్పుడు ఆ కొండయే పక్షము. అనగా ఏది ఇంకను నిశ్చయము కాలేదో, ఎచట సందేహము మిగిలియున్నదో అదియే పక్షము. నేటి పార్టీలలో సందేహము ద్రోహముగ ఎంచబడుచున్నది. ఉద్దానమున వేలమందిని పీడించుచున్న మూత్రపిండవ్యాధికి, ఎన్నో పరిశోధనలు జరిగినను, మూలకారణము ఇదియేయని నేటికిని నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండ పరిశోధనా కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. ఆ ఘనత ఎవరిదని వాదించుటకు బిగ్గరగ పలుకు కంఠములు చాలును. వ్యాధికి కారణమేదని తెలిసికొనుటకు సందేహించు బుద్ధి కావలెను. డయాలసిస్ పడకలపై ప్రక్కప్రక్కన పడియున్నవారికి రెండవదానితోనే అవసరము.

మూడవ పని గడప మూయకుండుట. పెండ్లికి పిలువనివాని ఇంట చావు సంభవించినచో పిలువకుండనే పోవలెను. పలుకరింపనివానిని తానే పలుకరింపవలెను. విదురుని మాట వినక ధృతరాష్ట్రుడు సర్వనాశము తెచ్చుకొనెను. దుర్యోధనుడు అవమానింపగా విదురుడు ధనుస్సును ద్వారమున విడిచి తీర్థయాత్రకు పోయెనని భాగవతము చెప్పును. అంతయు ముగిసిన పిదప ఆ అంధవృద్ధుని యొద్దకే తిరిగివచ్చి, చివరి దినములలో తరించు మార్గము చూపెను. తాను ముందే చెప్పితినని గెలుపు చాటుకొనుటకు రాలేదు.

ఇట్లు నిలుచుట ఓటును విడుచుట కాదు. పౌరునికి అది విధి. 2013లో సుప్రీంకోర్టు తీర్పువలన ఎవరును నచ్చలేదని చెప్పుటకును ఓటుయంత్రముపై చోటు కలిగినది. తరతమ భేదము తెలిసినచో ఉన్నవారిలో మేలైనవానిని ఎన్నుకొనుటయు మధ్యస్థధర్మమునకు విరుద్ధము కాదు. ఏదో ఒకనాడు ఒక పక్షమున ధర్మము స్పష్టముగ కనబడినచో, రెండు సేనల నడుమ ధర్మరాజు పిలుపు విని ఇవతలికి నడచివచ్చిన యుయుత్సునివలె, చేరవచ్చును. యుయుత్సుడు ధృతరాష్ట్రుని కుమారుడే. అతడు నడచుటను వ్యాసుడు తప్పుపట్టలేదు. చేరుట తప్పు కాదు, చేరిన పిదప కన్ను మూసికొనుట తప్పు.

టెక్కలికి సమీపమున రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి వెలసియున్నాడు. ఆ మహాలింగమునకు పైకప్పు లేదు. ఎండకు ఎండుచు, వానకు తడియుచు స్వామి ఆరుబయటనే ఉన్నాడు. వైద్యుడైన సుషేణుడు ఇచట తపస్సు చేసి దేహము విడిచెననియు, హనుమంతుడు ఆ దేహమును మల్లెపూలతోను అజినముతోను కప్పెననియు, అందువలన స్వామికి ఆ పేరు వచ్చెననియు స్థలపురాణము. వాల్మీకి సుషేణుని వానరవీరునిగ చెప్పెను. తులసీదాసు రామచరితమానసమున ఆయనను లంకానగరపు వైద్యునిగ చెప్పెను; హనుమంతుడు ఇంటితోసహా ఎత్తుకొని రాగా శత్రువు తమ్ముడైన లక్ష్మణునికి మందు చెప్పినవాడు. మూర్ఛితుడు ఏ పక్షమువాడని ఆ వైద్యుడు విచారింపలేదు.

కార్తికమున ఆ స్వామి సన్నిధికి వచ్చు జనులలో అన్ని పార్టీలవారును ఉందురు. కప్పులేని ఆ దేవుని ముందు అందరును ఒకే ఎండలో నిలుచుందురు. తనకు ఇల్లు లేదని చింతించు ఉద్దానపు గృహస్థుడును అచట నిలిచి ఒక్కమారు తల యెత్తి చూడవలెను. పైన కప్పు లేనందువలననే ఆ స్వామి ముంగిట అందరికిని చోటు కలిగినది. తన హృదయమునను అంతటి చోటు ఉండునట్లు అనుగ్రహింపుమని అతడు ప్రార్థించుగాక! ఇరువైపులవారికిని క్షేమమగుగాక!